వల తడిపాక పది విసుర్లు

హజరత్తయ్య విసిరిన వల నీళ్ల మీద గుండ్రంగా పడేది. సీసం గుండ్లన్నీ ఒక్కసారే నీళ్లను తాకి, జల్లు కురిసినట్టు ఒకే చప్పుడు చేసి మునిగేవి. రేవుపాలెం రేవులో బట్టలుతుక్కునే ఆడవాళ్లు తలెత్తకుండానే ఆ చప్పుడు విని, "హజరత్తయ్య దిగినాడు" అనుకునేవాళ్లు. ఇంకెవరు విసిరినా ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత పడి చప్పుడు రెండు ముక్కలయ్యేది.

కోవూరు నుంచి బుచ్చిరెడ్డిపాలెం పోయే దారిలో ఎడమచేతి వైపు వరిపొలాల మధ్యగా దిగితే, పెన్న ఒడ్డున ఆ ఊరు వస్తుంది. నలభై గడపలు. వాళ్లలో సగం మంది ఇప్పుడు నాట్లకూ కోతలకూ పోతారు. ఏట్లో వల వేసి బతికేవాళ్లు ఏడెనిమిది మంది మిగిలారు. వేసవి ముదిరేసరికి పెన్న సన్నబడి, ఇసుకలో అక్కడక్కడా మెరిసే దారంలా పారుతుంది. ఊరికి ఎదురుగా ఉన్న ఎనుముల మడుగు మాత్రం హజరత్తయ్యకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఎండలేదు. ఒకప్పుడు ఊరి ఎనుములన్నీ మధ్యాహ్నాలు అందులో పడుకునేవి కాబట్టి ఆ పేరు. ఏట్లో చేప ఎండాకాలమంతా ఆ మడుగులో తలదాచుకుని, పైనుంచి నీళ్లు రాగానే మళ్లీ బయటికి పారేది. మడుగు ఉంటే ఏట్లో చేప ఉంటుంది. ఆ సంగతి ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

చేపలు లెక్కపెట్టడానికి వనజాక్షి మొదటిసారి ఆ ఊరు వచ్చింది 2020 మొదట్లో. నెల్లూరు పిల్ల. కాలేజీలో జంతుశాస్త్రం చదివి, నదుల్లో చేపలు ఎన్ని రకాలున్నాయి, పెరుగుతున్నాయా తరుగుతున్నాయా అని నెలనెలా చూసే ఒక సంస్థలో చేరింది. ఏట్లో చెయ్యి తిరిగిన మనిషి కావాలని అడిగితే ఊళ్లోవాళ్లు హజరత్తయ్య ఇల్లు చూపించారు.

"హజరత్తయ్య అంటే సాయిబులేమో అనుకున్నా" అంది వనజాక్షి, గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం చూసి నవ్వుతూ.

"మా యమ్మకు నలుగురు పుట్టి నిలబళ్లేదు మేడమ్. కసుమూరు దర్గాకు మొక్కుకుంటే నేను నిలిచినా" అన్నాడు హజరత్తయ్య. "ఈమె నా పెండ్లాము, మస్తానమ్మ. ఈమెదీ ఆడి మొక్కే."

"ఇద్దరూ దర్గా అరువిచ్చిన బిడ్డలే" అన్నాడు అరుగు మీద కూర్చున్న చిన్నపోలయ్య. అతను మస్తానమ్మ తమ్ముడు. అక్కాబావల్ని ఆటపట్టించడం అతనికి అన్నం తినడంతో సమానం.

పని సులువైనదే. నెలకోసారి, మొదటి శనివారం, తెల్లారగానే ఎనుముల మడుగులోనూ దాని ఎగువా దిగువా ఇంకో నాలుగు చోట్లా వల విసరాలి. చోటుకు పది విసుర్లు. పడిన ప్రతి చేపనూ కొలత గీతలున్న చెక్క మీద పెట్టి, ఫోటో తీసి, కాగితంలో ఆ చేప బొమ్మ పక్కన ఉన్న గడిలో గీత గీసి, మళ్లీ ఏట్లో వదిలేయాలి.

ఆ చివరి మాట విని చిన్నపోలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పట్టిన చేపను ఏట్లో వదిలే మొగోణ్ణి ఇప్పుడే చూస్తాండా బావా! ఓటర్ల లిస్టు గూడా రాస్తావా ఏంది వాటికి?"

"రాస్తా లేరా. నీ పేరు జెల్లల్లో రాస్తా. ముల్లు తప్ప ఇంకేం లేదు నీ దగ్గర."

వనజాక్షి పద్ధతి కాగితం తయారుచేస్తూ అన్నీ అడిగి రాసుకుంది. వల కన్ను ఎంత, మనిషి ఎక్కడ నిలబడాలి, విసురుకూ విసురుకూ మధ్య ఎంత ఆగాలి. "అయితే దిగిన వెంటనే మొదటి విసురు వేసేస్తారా?" అని అడిగింది.

"లేదు మేడమ్. ముందు వల తడపాల. తడిసినాకనే లెక్క" అన్నాడు హజరత్తయ్య.

వనజాక్షికి ఆ మాట నచ్చింది. పొడి నైలాను దారం సరిగ్గా విచ్చుకోదేమో, ఒకసారి నీళ్లు పడితేగానీ వల మాట వినదేమో అనుకుంది. ఇలాంటి సూక్ష్మాలు చెయ్యి తిరిగినవాళ్లకే తెలుస్తాయని మురిసిపోయి, పద్ధతి కాగితంలో నాలుగో వరుసలో రాసింది: "వల తడిపిన తర్వాత పది విసుర్లు." అచ్చువేసిన లెక్క కాగితంలో కూడా పైన ఒక చిన్న గడి పెట్టించింది: "వల తడిపారా? అవును, కాదు."

రేవుపాలెంలో వల తడపడమంటే నీళ్లలో ముంచడం కాదు. ఏ రేవులో దిగినా మొదట పడిన చేప గంగమ్మది. దాన్ని కళ్లకద్దుకుని, వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, తిరిగి చూడకుండా ఏట్లో వదలాలి. ఆ చేప పడేదాకా ఎన్నిసార్లు విసిరినా వల తడవనట్టే. అది పడి, వదిలాక, ఇక వచ్చేది మనిషిది. అమ్మకిచ్చిన దాన్ని పేరు పెట్టి పలకరు, ఎవరికీ చూపించరు, లెక్కలో వేయరు. వేస్తే ఇచ్చింది తిరిగి అడిగినట్టు. పొద్దున్నే ఎదురుపడినవాళ్లు చేపలు పడ్డాయా అని అడగరు, "వల తడిసిందా?" అనే అడుగుతారు. హజరత్తయ్య దీన్ని వనజాక్షికి విడమరిచి చెప్పలేదు. దాచాలని కాదు. తెలియని మనిషి ఒకరుంటారని ఆయనకు తోచలేదు.

ఆమె పక్కన ఉన్న రోజుల్లో కూడా సంగతి బయటపడలేదు. ఆమె ఒడ్డున చెక్క తుడుచుకుని, కాగితాలు సర్దుకునేలోపు ఆయన మోకాలి లోతుకు దిగి ఒకటి రెండు విసుర్లు విసిరేవాడు. "తడిసింది మేడమ్" అని కేక వేస్తే ఆమె అవును గడిలో గీత గీసేది. ఏదో చేప వెనక్కి జారిపోవడం చూసినా వింత అనిపించేది కాదు. ఆ పనిలో చేపలన్నీ వెనక్కి పోయేవే.

మొదటి ఏడాది లెక్కలు బాగా వచ్చాయి. పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు, బొమ్మిడాయిలు, అప్పుడప్పుడు ఒక కొరమీను. ఎనుముల మడుగులో పది విసుర్లకు ముప్పై నలభై చేపలు. హజరత్తయ్య ఐదో తరగతి దాకా చదువుకున్నవాడు. గడుల్లో గీతలు గీయడం ఆయనకు పండగలా ఉండేది. కాగితంలో ఒకే బొమ్మగా ఉన్న పరిగె నిజానికి రెండు రకాలని, ఒకదాని తోక దగ్గర చుక్క ఉంటుందని వాదించి, వనజాక్షి చేత ఇంకో గడి గీయించాడు. అది నిజమని ఎక్కడో పెద్దవాళ్లు కూడా ఒప్పుకున్నారని ఆమె వచ్చి చెప్పిన రోజు, ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు.

"చుక్క పరిగెను కనిపెట్టినోడు వస్తాండాడు, దారి ఇడవండి" అనేవాడు చిన్నపోలయ్య.

"లెక్క రోజు మా ఇంట్లో చింతకాయ పచ్చడే" అనేది మస్తానమ్మ. "కోవూరు బజార్లో నా గంప ఖాళీగా ఉంటే, ఏం మస్తానమ్మా, ఈ పొద్దు చేపలన్నీ ఇస్కూలుకు పొయినాయా అని అడగతాండారు."

ఆ తర్వాత రెండేళ్లు వరుసగా పెన్నకు వరదలొచ్చాయి. ఎగువన చేపల గుంటల కట్టలు తెగి, వాటిలోని జిలేబి చేప ఏట్లో పడింది. ఎక్కడపడితే అక్కడ గూడు పెట్టుకుని, దొరికిన గుడ్లన్నీ తినే పరాయి చేప అది. వరదలు తీశాక ఏరు చూడటానికి నిండుగా కనిపించేది. వలలో మాత్రం జిలేబీలే. బొమ్మిడాయి గడి ఖాళీ అయింది. కొరమీను గడి ఖాళీ అయింది. చుక్క పరిగె గడిలో ఒక నెల రెండు గీతలు, ఇంకో నెల ఏమీ లేదు. అచ్చు కాగితం కింది భాగంలో జిలేబి కోసం ఇచ్చిన గడి చాలక హజరత్తయ్య అంచుల్లో గీతలు గీసేవాడు.

2023లో వనజాక్షికి ఇంకో రెండు నదుల పని కూడా అప్పజెప్పారు. ఇకనుంచి తాను మూడు నెలలకోసారి వస్తానని, కాగితాలు నింపి ఫోటోలు ఫోనులో పంపమని చెప్పింది. ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పింది. వేసవిలో చేపలకు ఆసరాగా ఉండే మడుగుల్ని ఎంచి ఒక జాబితా తయారు చేస్తున్నారు. జాబితాలో ఉన్న మడుగు జోలికి ఎవరూ పోకూడదు. చుట్టూ ఇసుక తవ్వడానికి వీల్లేదు. లేనిదాన్ని తవ్వకానికి వదిలేస్తారు.

"మన ఎనుముల మడుగు?"

"లెక్కలు చెప్పాలి హజరత్తయ్య గారూ. వరసగా రెండు వేసవులు ఏటి చేప ఆ మడుగులో ఉందని చూపించాలి. ముఖ్యంగా వాలుగ. వాలుగ పిల్ల ఒక్కటి కనపడినా చాలు. అది పిల్లలు పెడుతోందంటే మడుగు బతికున్నట్టే లెక్క."

"వాలుగకేం మేడమ్, ఉండాది" అన్నాడు హజరత్తయ్య. ఆ ధీమా ఉత్తది కాదు. ఆ మడుగులో వాలుగ ఏ రాళ్ల సందులో పడుకుంటుందో ఆయనకు పాదాలతో తెలుసు.

ఆ రెండు వేసవులూ ఆయన ఒక్క శనివారం కూడా తప్పలేదు. జ్వరం ఉన్న నెల చిన్నపోలయ్య భుజం పట్టుకుని దిగాడు. మడుగులో విసురుతూ ఉండగా ఏ మూడో విసురుకో ఏ ఐదో విసురుకో జానెడు వాలుగ పిల్ల పడేది. వెండి పొట్ట, గడ్డం కింద పొడుగు మీసాలు. కళ్లకద్దుకుని వెనక్కి వదిలేవాడు. వల తడిసింది. అవును గడిలో గీత. తర్వాత పది విసుర్లు. అప్పటికే మిగతా వాలుగలు రాళ్ల సందుల్లోకి దూరేవి. వలలో రెండు జిలేబీలు. లేకపోతే ఏమీ లేదు. సున్నాలు సున్నాలుగానే రాశాడు. లేనిదాన్ని ఉందని రాసే మనిషి కాదు. మడుగు మీద ప్రేమతో ఒక గీత అదనంగా గీద్దామని ఒక్కసారైనా అనుకోలేదు. పైన అవును గడిలో గీత ఉంది కదా. వల తడిసిందంటే చేప ఉన్నట్టేనని, ఆ మాత్రం మేడమ్‌కు తెలుసుననీ ఆయన నమ్మకం. ఒక నెల ఎంత విసిరినా మొదటి చేప పడలేదు. ఆ నెల 'కాదు' గడిలో గీత గీసి, ఇంటికొచ్చి సగం అన్నమే తిన్నాడు. ఆ కాగితం చూసిన వనజాక్షి, ఈసారి తడపడం మర్చిపోయినట్టున్నాడు అనుకుంది.

2024 మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం ఆమె స్కూటీ మీద వచ్చింది. ముందుగా ఫోను చేయలేదు. మస్తానమ్మ ఇచ్చిన మజ్జిగ తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది.

"జాబితా తయారైందండీ. మన మడుగు పేరు లేదు."

హజరత్తయ్యకు అర్థం కాలేదు. "ఎందుకు లేదు?"

"రెండు వేసవుల్లోనూ ఏటి చేప ఒక్కటి లేదు గదా. అన్నీ సున్నాలే. వాలుగ అసలే లేదు."

"వాలుగ లేకపోవడమేంది మేడమ్? మొన్న మొదటి శనివారం గూడా పడింది. ఇంత పిల్ల."

"ఎప్పుడు? కాగితంలో లేదే."

"ఉండాది మేడమ్. పైన రాసినా గదా."

వనజాక్షి సంచిలోంచి కాగితాలు తీసింది. ఆయన వేలు పెట్టి చూపించాడు. అవును గడిలో, పెన్సిలు గట్టిగా ఒత్తి గీసిన గీత. ఏప్రిల్‌లో ఉంది. మార్చిలో ఉంది. పోయిన మేలో ఉంది.

"ఇది వల తడిపారా అని అడగడం హజరత్తయ్య గారూ."

"అవును. తడిసింది."

ఆమె ఆ గీతను, ఆయన ముఖాన్ని మార్చి మార్చి చూసింది. అప్పుడు మస్తానమ్మ అందుకుని, వల తడవడమంటే ఏమిటో చెప్పింది. మెల్లగా, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ వనజాక్షి మజ్జిగ గ్లాసు అంచును వేలితో రుద్దుతూనే ఉంది.

"నాలుగేళ్లుగానా?" అంది చివరికి.

"మా తాత కాలం నుంచీ" అన్నాడు హజరత్తయ్య.

ఆయన ప్రతి ఒక్కటీ చెప్పగలిగాడు. ఉగాది ముందు శనివారం ఒకటి, ఎగువ రాళ్ల దగ్గర. రొట్టెల పండగ అయినాక వచ్చిన శనివారం ఇంకొకటి, దాని ఎడమ మీసం తెగి ఉంది. చైత్రంలో ఒకటి. ఆమె రాసుకుంటూ పోయింది. రాసుకున్నాక కాగితం వైపు చూసి, "ఫోటో ఒక్కటి కూడా లేదు కదండీ" అంది. గొంతులో కోపం లేదు. ఆమె తన మీద తానే కోపంగా ఉందని మస్తానమ్మకు తెలిసింది.

తర్వాత నెలంతా వనజాక్షి తిరిగింది. లెక్కలు పైకి పోయాయని, సంతకాలు అయిపోయాయని చెప్పారు. ఆమె వదల్లేదు. చివరికి ఒక్క పొద్దు వచ్చి చూసిపోవడానికి ఒప్పుకున్నారు. తనిఖీకి వచ్చే అధికారి పేరు నరేంద్రబాబు. ఆయన ఎదుట మడుగులో వల వేయాలి. అదే చివరి మాట.

తనిఖీ ముందు రోజు సాయంత్రం హజరత్తయ్య వల బాగుచేసుకుంటూ, మస్తానమ్మ వైపు చూడకుండా అన్నాడు. "రేపు మొదట పడినదాన్ని వదలను. చూపిస్తా."

మస్తానమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది. "అమ్మది చూపిస్తావా మామా?"

"అమ్మ ఇల్లే పోతాంటే ఏం జేసేది?"

"అమ్మకు చెప్పినావా?"

"ఏం చెప్పాల? వినపడ్డం లేదా ఆయమ్మకు?"

మస్తానమ్మ చేట పక్కన పెట్టి లేచి, కొంగు నెత్తిన కప్పుకుని ఏటి వైపు తిరిగి ఒక దండం పెట్టింది. పొరుగింటి ముసలమ్మ అరుగు మీది నుంచి చూసి, "ఏంది మస్తానమ్మా, ఈ పొద్దు ఏం పండగ?" అని అడిగింది.

నరేంద్రబాబు మంచి మనిషే. చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, తానే నీళ్లలోకి దిగాడు. చిన్నపోలయ్య తెచ్చిన ముంజలు తిన్నాడు. ఏటి గాలికి హాయిగా ఉందన్నాడు. హజరత్తయ్య నాలుగుసార్లు విసిరాడు. నాలుగోసారి వల లాగుతుంటే తాడులో ఆ బరువు తెలిసింది. వాలుగ పిల్ల. జానెడుకు రెండు వేళ్లు ఎక్కువ.

చెయ్యి దానంతట అదే కళ్ల దాకా పోయి వీపు వెనక్కి తిరగబోయింది. ఆయన దాన్ని బలవంతంగా ముందుకు తెచ్చాడు. నలభై ఏళ్లలో మొదటిసారి, అమ్మ చేపను అరచేతిలో పెట్టి పరాయి మనిషికి చూపించాడు. "వాలుగ సార్" అన్నాడు. పేరు పెట్టి పలికాడు.

వనజాక్షి చెక్క తెచ్చింది. ఫోటో తీసింది. ఆమె ముఖంలో నవ్వు చూసి చిన్నపోలయ్య ఈల వేశాడు.

నరేంద్రబాబు చేపను చూశాడు. బాగుందన్నాడు. తర్వాత చేతిలోని పద్ధతి కాగితం తిప్పి, నాలుగో వరుస దగ్గర ఆగాడు.

"ఇది వల తడిపే విసురు కదా?"

నరేంద్రబాబు ఆ వరుస కింద వేలు పెట్టి చూపించాడు.

"'వల తడిపిన తర్వాత పది విసుర్లు' అని ఉంది ఇక్కడ. ఇది తడపకముందు పడిన చేప. లెక్కలోకి రాదే."

"ఆ వాక్యం నాదే సార్" అంది వనజాక్షి. "నాకు తెలియక రాసింది. వాళ్లు తడపడమంటే ఇదే..."

"మీరు చెప్పేది అర్థమైందమ్మా. కాదనడం లేదు. కానీ ఇదే పద్ధతితో ముప్పై మడుగుల లెక్కలు వచ్చినాయి. ఈ ఒక్కదానికి ముందు పడినవి కలిపితే మిగతావాళ్లు ఊరుకుంటారా? పది విసుర్లు వేయించండి. వాటిలో పడితే నాకే సంతోషం. దీన్ని రిమార్కుల్లో రాస్తాను."

వాలుగ నీళ్లు విడిస్తే ఎక్కువసేపు నిలవదు. కొరమీనులా గాలి పీల్చి బతికే చేప కాదు. వాళ్లు మాట్లాడుకున్నంతసేపూ అది చెక్క మీద నోరు తెరిచి మూస్తూ ఉంది. హజరత్తయ్య అడగకుండానే దాన్ని తీసుకుని ఏట్లోకి వంగి వదిలాడు. అది పక్కకు ఒరిగి, మెల్లగా, ఆకు దిగినట్టు లోపలికి దిగిపోయింది. ఈదిందో మునిగిందో తెలియలేదు. తిరిగి చూడకూడదు. అయినా చాలాసేపు చూశాడు.

తర్వాత పది విసుర్లు విసిరాడు. ఐదు జిలేబీలు పడ్డాయి. పదో విసురు తర్వాత "ఇంకొక్కటి సార్" అన్నాడు. ఎవరినీ ఏనాడూ ఒకటి ఎక్కువ ఇమ్మని అడగని మనిషి. నరేంద్రబాబు సరేనన్నాడు. పదకొండో విసురులో చెప్పు ముక్క ఒకటి వచ్చింది.

పోయేటప్పుడు నరేంద్రబాబు హజరత్తయ్య భుజం తట్టి, "మీ తప్పేం లేదు" అన్నాడు. ఆ మాటే హజరత్తయ్యను అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టింది. తప్పుంటే దిద్దుకోవచ్చు.

రెండు వారాల్లో రెల్లు కొట్టి, ఏట్లోకి దారి వేశారు. లారీలు వచ్చాయి. తవ్వే యంత్రం మడుగుకు దిగువన మొదలుపెట్టింది. ఊళ్లోవాళ్లు కొందరు పోయి అడిగితే, కాగితాలు చూపించారు. కాగితాల్లో ఎనుముల మడుగు దగ్గర "ఏటి చేప లేదు" అని ఉంది. ఆ అక్షరాల కింద హజరత్తయ్య నింపిన లెక్కల నంబర్లు ఉన్నాయి.

"నువ్వు రాసిందే గదా హజరత్తయ్యా" అని ఎవరో అన్నారు. చిన్నపోలయ్య వాడి మీదికి పోబోతే హజరత్తయ్యే పట్టుకుని ఆపాడు. "రాసింది నేనే గదరా" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాటను మార్చి చెప్పలేదు.

జూలై నెల మొదట్లో ఒక పొద్దున చిన్నపోలయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. "బావా, మడుగు ఓడిపోతాంది!"

దిగువన గుంతలు లోతుగా తవ్వేసరికి మడుగు పెదవి తెగింది. నీళ్లన్నీ ఆ గుంతల్లోకి జారిపోయాయి. హజరత్తయ్య, మస్తానమ్మ వెళ్లేసరికి మడుగు స్థానంలో పచ్చటి బురద, మధ్యలో పందిరి మంచమంత నీళ్లు మిగిలాయి. ఆ నీళ్లు ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. పెద్ద చేపల్ని అప్పటికే లారీల దగ్గరివాళ్లు గోనెల్లో వేసుకుపోయారు. మిగిలినవి పిల్లలు. వాలుగ పిల్లలు. జానెడువి, బెత్తెడువి, వేలంతవి. ఒకదాని మీద ఒకటి. నాలుగేళ్లు ఒక్కొక్కటిగా చేతికొచ్చి పోయినవి ఎన్ని ఉన్నాయో ఆ పొద్దు ఆయన మొత్తంగా చూశాడు.

అక్కడి నుంచే వనజాక్షికి ఫోను చేసి చెప్పాడు. "ఎన్ని ఉన్నాయండీ?"

"ఉండాయి మేడమ్. శానా ఉండాయి."

"ఫోటో తీయండి. లెక్కపెట్టండి. ఈ పొద్దే పంపిస్తా, ఎవరో ఒకరు చూస్తారు."

ఆయన ఫోను మస్తానమ్మ చేతికిచ్చి బురదలోకి దిగాడు. ఆమెకు ఫోటో తీయడం రాదు. ఫోను కొంగున కట్టుకుని తానూ దిగింది. ముగ్గురూ బిందెల్లో చేపల్ని ఎత్తారు. ఏటి దారంలో వదులుదామంటే అది చీలమండ దాకా కూడా లేదు, కాలు పెడితే వేడి. కాలవలో వదులుదామని మస్తానమ్మ అంది. పొలాల మధ్య అరమైలు బిందెలు మోసుకుని పోతే, కాలవ కట్టేసి ఉంది. అడుగున నెర్రెలు. అక్కడి నుంచి ఇంటికి. పెరట్లో ఎనుముకు నీళ్లు పెట్టే సిమెంటు తొట్టి ఒకటి ఉంది. బోరు నీళ్లు నింపి అందులో పోశారు. రెండో తడవ పోయేసరికి మడుగులో నీళ్లు లేవు.

తొట్టి చిన్నది, చేపలు ఎక్కువ. కాసేపటికి అవి పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. నీళ్లలో గాలి చాలకపోతే ఏం చేయాలో ఏటి మనిషికి తెలుసు. హజరత్తయ్య చెంబు తీసుకుని, తొట్టిలోంచి నీళ్లు ముంచి, తలంత ఎత్తు నుంచి నురగ వచ్చేలా మళ్లీ తొట్టిలోకే పోశాడు. మళ్లీ ముంచాడు. చేపలు కిందికి దిగాయి. మస్తానమ్మ ఇంకో చెంబు తెచ్చింది.

"ఎంతసేపు మామా?" అని అడిగింది కాసేపటికి.

"వాన పడేదాకా."

ఆకాశంలో తునక మబ్బు లేదు. చిన్నపోలయ్య వచ్చి అక్క చేతిలోని చెంబు తీసుకున్నాడు. ఎండ తొట్టి మీదికి జరిగింది. మస్తానమ్మ పాత చీర ఒకటి తెచ్చి నాలుగు కర్రలకు కట్టింది. తొట్టిలో రెండు పిల్లలు తెల్లటి పొట్టలు పైకి తిప్పి తేలాయి. హజరత్తయ్య వాటిని తీసి పక్కన పెట్టలేదు, చూడనట్టే పోస్తూ ఉన్నాడు. భుజం లాగి ఒక్క క్షణం చెంబు దించితే చాలు, మిగతావన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆయన మళ్లీ ముంచాడు.